రంగు కింద రేకు

మా ఆయనకి పచ్చి రేకు కనపడితే ఒళ్లు మంట. వాహనాలకి రంగులు వేసే మేస్త్రీకి ఆ మాత్రం పట్టుదల లేకపోతే ఎలా అంటాడు. బోనెట్ అడుగున, సీటు కింద, తలుపు మడతల్లో, ఎవరూ జన్మలో తొంగిచూడని మూలల్లో కూడా ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన మెరుపు పడాల్సిందే. వీధిలో వాళ్లు ఆయన్ని అద్దం మేస్త్రీ అంటారు. పిల్లి కదలకుండా కాసేపు కూర్చుంటే దానికీ ఒక కోటు వేసేస్తాడని మా అమ్మ వేళాకోళం. ఆయన షెడ్డులోనే ఓ పక్కన మిషను పెట్టుకుని నేను సీట్ల కవర్లు, పైకప్పు గుడ్డలు కుడతాను. కాబట్టి ఆయన గొప్పలూ, తిట్లూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నా చెవిలోనే.

మా అమ్మ రోడ్ల శాఖలో సర్వేయరుగా చేసింది. కొండ రోడ్లన్నీ కొలిచిన మనిషి కాబట్టి ఆమెకి కొలతలమ్మ అని పేరు పడింది. తను నడిపిన జీపుని శాఖవాళ్లు పనికిరాదని వేలం వేస్తే పట్టుబట్టి తనే పాడుకుని ఇంటికి తెచ్చుకుంది. రాళ్లలో, వాగుల్లో తిరిగి తిరిగి అది సగం తుప్పు, సగం సొట్టలు. రిటైరై మా ఇంట్లో ఉండటం మొదలుపెట్టాక ఆమెకి ఒకటే కోరిక మిగిలింది. మా చెల్లెలి ఇల్లు కొండ మీద ఉంది. బస్సు మెట్లెక్కడం మోకాళ్ల వల్ల కాదు. చలి మొదలైతే కాళ్లు కొయ్యబారిపోతాయి. ఆ జీపు, అందులో హీటరు బాగుపడితే చలికాలంలో కూడా చిన్నకూతురి ఇంటికి వెళ్లి రావచ్చని ఆమె ఆశ.

హీటరంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. డాష్‌బోర్డు కింద ఒక రేకు డబ్బా, అందులో ఇంజన్ వేడినీళ్లు తిరిగే చిన్న రేడియేటరు, దాని వెనక ఒక ఫ్యాను. ఆ ఫ్యాన్ని తిప్పేదే బ్లోయర్ మోటారు. అది తిరక్కపోతే నీళ్లు ఎంత సలసల కాగినా వేడి డబ్బాలోనే ఉండిపోతుంది. కాళ్లు గడ్డకడతాయి, ముందు అద్దానికి ఆవిరి పట్టి దారి కనపడదు.

జీపు మొత్తం విప్పినప్పుడు ఆ మోటారు గరగరమంటోందని మా ఆయన దాన్ని మా మరిదికి ఇచ్చాడు. మా చెల్లెలి భర్తది కాలిన మోటార్లకి తీగ చుట్టే షాపు. చేల దగ్గర పంపులు, పిండి మర మోటార్లు, ఇళ్లల్లో ఫ్యాన్లు, బండ్ల హీటరు మోటార్లు, ఏది కాలిపోయినా అతని బల్ల మీదికే వస్తుంది. మాట పొదుపు మనిషి. అడిగితే ఒక ముక్క, అడక్కపోతే అదీ లేదు. ఆ షాపు నడిచేది నమ్మకం మీద. పదిమంది సొత్తు పగలూ రాత్రీ అక్కడే పడి ఉంటుంది. ఒకరి సరుకు ఇంకొకరికి మార్చాడన్న మాట ఒక్కసారి బయటికి పొక్కిందంటే మర్నాటి నుంచి గుమ్మం తొక్కేవాడు ఉండడు.

తోడల్లుళ్లిద్దరికీ పైకి మాటలు బాగానే ఉంటాయి. కానీ మా ఆయనకి లోపల ఒక గీర. అత్తగారికి ఏదైనా చెయ్యాలంటే పెద్దల్లుడే చెయ్యాలి, చిన్నల్లుడు పక్కన నిలబడి చూడాలి.

మరిది మోటారు బాగుచేసి ఇచ్చాక మా ఆయనే దాన్ని బిగించాడు. జీపు బయటికి తీసే ఆదివారం చెల్లెలి కుటుంబాన్ని భోజనానికి పిలిచాం. వీధిలో వాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. నిజం చెప్పొద్దూ, జీపు మెరిసిపోతోంది. ఆకుపచ్చ రంగు, వంగి అద్దంలా మొహం చూసుకోవచ్చు. సీట్లు నేనే కుట్టాను, అవి కూడా పర్వాలేదు. అమ్మ కొత్త సీట్లో కూర్చుని స్టీరింగు మీద చెయ్యి పెట్టి ఇంజన్ స్టార్టు చేసింది. కాసేపు తిరగనిచ్చి హీటరు స్విచ్చి నొక్కింది. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కింది. ఫ్యాను కిక్కురుమనలేదు.

మా ఆయన నవ్వుతూనే వచ్చి ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. టెస్ట్ లాంపు తెచ్చాడు. చిన్న బల్బు, దానికి ఒక వైపు సూది, ఇంకో వైపు క్లిప్పు. క్లిప్పుని తలుపు అంచుకి తగిలించి మోటారు తీగకి సూది ఆనించాడు. బల్బు వెలగలేదు. క్లిప్పు తీసి డాష్‌బోర్డు అంచుకి పెట్టాడు. అక్కడా వెలగలేదు.

"చూశారా, క్లిప్పు పెడదామన్నా పచ్చి రేకు దొరకదు" అని అందరి వైపూ చూసి కాలరెగరేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత క్లిప్పుకి పొడుగు తీగ కట్టి నేరుగా బ్యాటరీకి తగిలించాడు. ఈసారి బల్బు చక్కగా వెలిగింది. స్విచ్చి దగ్గర వెలిగింది, మోటారు తీగ దగ్గర కూడా వెలిగింది. అంటే కరెంటు మోటారు దాకా వస్తోంది, మోటారే తిరగడం లేదు.

అప్పటిదాకా ఉన్న నవ్వు పోయింది. పదిమంది ముందు తన పని ఆగిపోయిందంటే మా ఆయనకి తల కొట్టేసినట్టవుతుంది. మరిది దగ్గరికి వచ్చి, ఓసారి విప్పి చూద్దాం అన్నయ్యా అన్నాడు. అన్నం వేళయింది, తర్వాత చూద్దాంలే అని మా ఆయన బోనెట్ దించేశాడు. అప్పుడే విప్పనిచ్చి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

భోజనాల దగ్గర కూర్చున్నాం. మా షెడ్డులో పనిచేసేవాళ్లిద్దరు, పక్కింటివాళ్లు, అమ్మ, చెల్లెలు, మరిది, వాళ్ల పాప. మా ఆయన నవ్వుతూనే మొదలుపెట్టాడు. తోడల్లుళ్ల సరసమే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. మోటారు పైన చిన్న పేరు రేకు ఉంటుంది. దానికి కొట్టిన రివెట్లు కొత్తగా ఉన్నాయేమిటి అని అడిగాడు. పాతవి ఊడిపోయాయి, మార్చానన్నాడు మరిది. మోటారు ఒంటి మీద పాత మరకలు లేవేమిటి అన్నాడు మా ఆయన. కడిగానన్నాడు మరిది. పాత జీపుల అసలు మోటార్లకి ఈమధ్య మంచి గిరాకీ అటగా అన్నాడు మా ఆయన. ఏమో తెలియదన్నాడు మరిది.

"తెలియకపోవడమేంటోయ్. మా మోటారు ఎవరికిచ్చావు? మాకు అంటగట్టింది ఎవరి మోటారు?"

నవ్వుతూనే అన్నాడు. కానీ ఎవరూ నవ్వలేదు. పాప అన్నం నములుతున్న చప్పుడు వినపడింది. మరిది చెయ్యి కంచంలో ఆగిపోయింది. మా షెడ్డు మనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లు సాయంత్రానికి ఈ మాట బజారంతా మోస్తారని నాకు తెలుసు.

అప్పుడు నేను మాట్లాడాను. ఆయన నోటి దురుసు నాకు తెలుసు; ఇంకో మాట పెరగకముందే సర్దాలనిపించింది. అందరూ నా వైపే చూస్తున్నారు. ఆయన తప్పన్నాననుకోండి, పదిమందిలో మొగుడి పరువు తీసినదాన్నవుతాను. అందుకని మెత్తగా, మరిది వైపు తిరిగి అన్నాను.

"షాపులో సరుకెక్కువ కదా, పొరపాటున మారిందేమో ఓసారి చూసుకోరాదూ."

ఎంత తెలివిగా సర్దానో అని ఒక్క క్షణం నాలో నేనే మురిసిపోయాను. అప్పుడు చెల్లెలు తలెత్తింది. మా ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. తర్వాత లేచి పాప చెయ్యి కడిగింది. మరిది, చూస్తాను వదినా అని మాత్రం అన్నాడు. ఇంకో ముద్ద తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు. వాళ్లు వెళ్తుంటే అమ్మ గుమ్మం దాకా వెళ్లింది.

ఆ వారమంతా చెల్లెలు ఫోను చెయ్యలేదు. నేను చేస్తే పాపకి స్నానం చేయిస్తున్నానని పెట్టేసింది. వారం గడిచాక, పాలవ్యానువాడు గోనెసంచిలో చుట్టిన ఒక మోటారు తెచ్చి దించాడు. కొండ మీద వైండింగ్ షాపాయన ఇచ్చాడు, ఇది బిగించుకోమన్నాడని చెప్పి పోయాడు. చీటీ లేదు, ఇంకో మాట లేదు.

విప్పి చూస్తే మా మోటారులాంటిదే, అదే కంపెనీది, అదే కాలం నాటిది. మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, గమ్మున తిరిగొచ్చేసింది. నేను ఊరికే అంటానా?" అన్నాడు. షెడ్డులో ఇద్దరికీ వినపడేలా అన్నాడు. నాకేమనిపించిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. గుండె మీంచి బరువు దిగినట్టు హాయిగా అనిపించింది. పోనీలే, మా ఆయన అబద్ధం ఆడలేదు, నేను సర్దిచెప్పిన మాటా తప్పు కాదు అనుకున్నాను. నా చెల్లెలి మొగుడు దొంగ అయితే నాకు హాయిగా ఉంది. మనిషి మనసు అంత నీచంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మ మాత్రం ఆ మోటారుని చేత్తో తడిమి, ఇది ఎక్కడిదని అడిగింది. చిన్నల్లుడు పంపాడన్నాం. ఎక్కడ దొరికిందో అని గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మా ఆయన పాత మోటారు విప్పాడు. డబ్బా మీది కన్నాలకి అది సరిగ్గా అమరి ఉంది. తీయడం నిమిషంలో అయిపోయింది. కొత్తగా వచ్చినది పెట్టబోతే ఒక మూల పట్టింది. అంచు డబ్బాకి అడ్డం తగులుతోంది. ఎటు తిప్పినా కూర్చోలేదు. చివరికి మరీ బలవంతంగా రెండు స్క్రూలతో నిలబెట్టి తీగలు కలిపాడు. నన్ను పిలిచి పక్క సీట్లో కూర్చోమన్నాడు. ఇంజన్ స్టార్టు చేసి స్విచ్చి నొక్కమన్నాడు.

నొక్కాను. ఏమీ కాలేదు.

ఇదీ చచ్చిందా అన్నాడు. టెస్ట్ లాంపు నా చేతికిచ్చాడు. క్లిప్పు బ్యాటరీకి, సూది మోటారు తీగకి. బల్బు వెలిగింది. కరెంటు వస్తోంది, మోటారు తిరగడం లేదు. మొన్నటి కథే. పనికిరాని మోటారే పంపించాడని మరిదిని ఓ తిట్టు తిట్టి, దాన్ని ఊడదీసి బల్ల మీద పెట్టి విడిగా బ్యాటరీకి తగిలించాడు. మోటారు ఝుమ్మని తిరిగింది.

ఇద్దరం దాని వైపు చూస్తూ నిలబడ్డాం. బల్ల మీద తిరుగుతోంది, జీపులో తిరగదు.

"అది కూడా పెట్టి చూడండి" అన్నాను, మూలన పడేసిన మొదటి మోటారు చూపించి.

దానితో పనేముంది అన్నాడు. పెట్టండి అన్నాను. ఆయన కదల్లేదు. నేనే వెళ్లి తెచ్చి బల్ల మీద పెట్టి బ్యాటరీ తీగలు ఆనించాను. అది తిరిగింది. ఇందాకటిదానికంటే నెమ్మదిగా, చప్పుడు లేకుండా తిరిగింది. అంత శుభ్రంగా తిరిగే మోటారుని నేను చూడలేదు. గరగర అన్నది లేదు. మరిది దాని లోపల బుష్‌లు మార్చి, కార్బన్లు మార్చి, ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేశాడో ఆ తిరగడంలోనే తెలుస్తోంది.

మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అంచున ఒక పక్క ఆకురాయితో అరగదీసిన గాడి ఉంది. పూర్వం కొండ మీద ఎక్కడో డబ్బా సొట్టపోయి మోటారు పట్టడం లేదని మా అమ్మే దాన్ని అరగదీసి కూర్చోబెట్టిందట. ఆ సంగతి ఆమె మాకు చాలాసార్లు చెప్పింది. రెండో మోటారుకి ఆ గాడి లేదు. అందుకే అది మూల పట్టింది. మొదటిది మాదే. మొదట్నుంచీ మాదే. విప్పేటప్పుడూ బిగించేటప్పుడూ ఆ గాడి ఆయన వేలి కిందే ఉంది.

"మరి లోపం ఎక్కడుంది?" అని తనని తనే అడుక్కున్నాడు. మోటారుకి రెండు తీగలుంటాయి. ఒకటి స్విచ్చి నుంచి కరెంటు తెస్తుంది. రెండోది నల్లటి పొట్టి తీగ, దాని చివర రింగు. అది ఇంజన్‌కీ మన కాళ్లకీ మధ్య ఉండే గోడ రేకుకి ఒక స్క్రూతో బిగిస్తారు. కరెంటు తిరిగి వెళ్లాల్సింది ఆ రేకులోంచే. దాన్నే ఎర్త్ అంటారు. మా ఆయన వంగి ఆ స్క్రూ తీశాడు. రింగు కింద మెరుస్తున్న ఆకుపచ్చ రంగు. చెక్కు చెదరలేదు. స్క్రూ కన్నంలో కూడా రంగే. డబ్బా కూర్చున్న చోట రంగు, దాని నాలుగు మూలలా రంగు. కరెంటు వచ్చింది నిజమే. తిరిగి వెళ్లే దారే లేదు. క్లిప్పు తలుపుకి పెట్టినప్పుడు బల్బు వెలగకపోతే పదిమంది ముందు కాలరెగరేసుకున్నాం చూడండి, లోపం అప్పుడే బయటపడింది. దాన్ని గొప్ప అనుకుని నవ్వాం. ఇంకొకడైతే గోడ రేకుకి అంత శ్రద్ధగా రంగు వేసేవాడే కాదు.

ఆయన జేబులోంచి చాకు తీసి ఆ చిన్న చోటు గీకడం మొదలుపెట్టాడు. తన చేత్తో వేసిన రంగుని ఆయన గీకుతుంటే నేనెప్పుడూ చూడలేదు. తెల్లటి రేకు బయటపడింది. రింగు పెట్టి స్క్రూ బిగించాడు. మా మోటారునే మళ్లీ డబ్బాలో పెట్టాడు. సరిగ్గా కూర్చుంది. నేను స్విచ్చి నొక్కాను.

ఫ్యాను తిరిగింది. ముందు దుమ్ము, తర్వాత వెచ్చటి గాలి కాళ్ల మీదికి వచ్చింది. అంత హాయైన గాలి వస్తుంటే ఇద్దరం తలలు దించుకుని కూర్చున్నాం. ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి. నాకు ఆ గాలి తగులుతున్న పాదాలు వెనక్కి లాక్కోవాలనిపించింది.

చాలాసేపటికి ఆయన మెల్లిగా మొదలుపెట్టాడు. అతను పంపినదే బిగించామని చెబుదాం. బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఫోను చేసి మెచ్చుకుంటాను. పాత గొడవ అక్కడితో పోతుంది, ఎవరికీ నొప్పి ఉండదు. నెమ్మదిగా నాలుగు రోజులు పోయాక రెండో మోటారు ఏదో వంకతో తిరిగి ఇచ్చేద్దాం.

"అప్పుడు అతను ఎప్పటికీ దొంగే కదండీ" అన్నాను.

నాకు ఆయన మీద కోపం వచ్చింది, కానీ తిట్టే మొహం నాకెక్కడిది? ఇవాళే వెళ్దాం, ఇప్పుడే వెళ్దాం అన్నాను. షెడ్డులో ఉన్న ఇద్దరినీ పిలిచి లోపం ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన వాళ్లని పిలిచి ఆ గీకిన చోటు చూపించాడు. మోటారు మనదే, నేనే రంగు వేసి చంపాను అని చెప్పాడు. ఆ మాట వాళ్లు బజారుకి మోస్తారో లేదో నాకు తెలియదు. ఇలాంటివి మొయ్యడానికి జనానికి అంత ఉత్సాహం ఉండదు.

అమ్మ శాలువా కప్పుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. దారంతా ఆమె సంబరం చెప్పనక్కర్లేదు. కాళ్లు డబ్బా దగ్గర పెట్టుకుని, ఎన్నేళ్లయిందో ఈ వెచ్చదనం చూసి అంటూ మలుపు మలుపుకీ తను కొలిచిన రోడ్డు గురించి చెబుతోంది. ఇద్దరు అల్లుళ్లూ కలిసి సాధించారని మెచ్చుకుంది. పెద్దల్లుడు రంగు వేశాడు, చిన్నల్లుడు మోటారు పంపాడు, తనకేం లోటు అంది. మా ఆయన స్టీరింగు గట్టిగా పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. రెండో మోటారు గోనెసంచిలో నా ఒళ్లో ఉంది. ఇక ఆగలేక నేనే చెప్పాను, జరిగినదంతా. అమ్మ మధ్యలో ఒక్క మాట అడ్డురాలేదు. నేను చెప్పడం అయ్యాక చెయ్యి చాచి హీటరు కట్టేసింది. మిగతా దారంతా మేం చలిలోనే వెళ్లాం.

చెల్లెలి ఇంటి ముందు భాగమే వాళ్ల షాపు. మేం చేరేసరికి ఎదురుగా వాళ్ల జీపు వచ్చి ఆగింది. వాళ్లదీ మాదానిలాంటి పాత బండే. చేల దగ్గర పంపులు మోసుకురావడానికి వాడతారు. చెల్లెలు నడుపుతోంది, పాపని బడి నుంచి తెస్తోంది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చేత్తో గుడ్డ పెట్టి ముందు అద్దం మీది ఆవిరి తుడుస్తోంది. పాప దుప్పటిలో ముక్కు మాత్రం బయటపెట్టి కూర్చుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. నేను తలుపు దగ్గరికి వెళ్లి లోపలికి చూశాను. డాష్‌బోర్డు కింద హీటరు డబ్బాకి గుండ్రటి కన్నం ఉంది. రెండు తీగల కొసలకి టేపు చుట్టి వేలాడుతున్నాయి.

మా ఆయన కూడా చూశాడు. నా ఒళ్లో మోసుకొచ్చిన మోటారు ఎక్కడిదో ఇద్దరికీ ఒక్కసారే అర్థమయింది. భూమి చీలితే లోపలికి వెళ్లిపోదామనిపించింది.

షాపులోకి వెళ్తే నడవడానికి చోటు లేదు. నేలంతా విప్పిన మోటార్లు, పక్కన ఎవరిది వాళ్ల పేరు రాసిన అట్టముక్కలు. మరిది మధ్యలో కూర్చుని ఒకదాన్ని తిరిగి బిగిస్తున్నాడు. ఇద్దరు రైతులు తమ పంపుల కోసం నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి అతను లేచాడు. మా ఆయన గుమ్మంలోనే ఆగి, ఆ రైతులు వింటుండగానే చెప్పాడు.

"ఆ మోటారు మాదే. నువ్వు చక్కగా చేశావు. ఎర్త్ మీద నేనే రంగు కొట్టాను. నోరు జారాను, తప్పు నాది."

జన్మలో మొదటిసారి ఆయన ఒక వాక్యంలో తన గొప్ప చెప్పకుండా ముగించాడు. మరిది, సరే అన్నయ్యా, వేడి వస్తోంది కదా అని అడిగాడు. వస్తోంది అన్నాడు మా ఆయన. అంతే. ఆ మనిషి అంతకంటే ఏమీ అడగలేదు. అమ్మ వెళ్లి అతని పక్కన స్టూలు మీద కూర్చుంది.

చెల్లెలు పాపని లోపల దించి వచ్చింది. ఈ మోటార్లన్నీ ఎందుకు విప్పి ఉన్నాయని నేను అడగకముందే చెప్పింది.

"బావ మాట ఈయన పట్టించుకోలేదు అక్కా. బావ నోరు అందరికీ తెలిసిందే. నువ్వు ఊరికే మాట అనవు, నువ్వు అన్నావంటే ఏదో చూసే అని ఉంటావన్నాడు. నిజంగానే తన చెయ్యి ఎక్కడో పొరబడిందేమో అని ఆ నెలలో వచ్చినవాళ్లందరికీ కబురు పెట్టి తెప్పించి విప్పాడు. ఎంత వెతికినా మీ మోటారు దొరకలేదు. దొరక్కపోతే మన బండిదే పంపేద్దామన్నాడు."

నెల రోజుల ఖాతాదారులందరికీ, మీ సరుకు మారిందేమో చూడాలి, తీసుకురండి అని అతనే స్వయంగా చెప్పుకున్నాడన్నమాట. ఏ మాట బయటికి పొక్కితే షాపు మూతపడుతుందో ఆ మాట అతని నోటితోనే చెప్పించాను. మా ఆయన కాదు, నేను.

ఏదో ఒకటి చెయ్యకపోతే నిలబడలేననిపించింది. మీ మోటారు ఇప్పుడే బిగించేద్దాం, లైటు పట్టుకుంటాను అన్నాను. మరిది ఒద్దనలేదు. వాళ్ల జీపులో అతను డాష్‌బోర్డు కింద పడుకుని మోటారు డబ్బాలో పెట్టాడు. నేను పక్కన కూర్చుని చేతిలైటు చూపిస్తూ స్క్రూలు ఒక్కొక్కటే అందిస్తున్నాను. రేకు చల్లగా ఉంది, వేళ్లు వంగడం లేదు. ఈ చలిలో పాపని కూర్చోబెట్టుకుని వాళ్లు ఎన్నిసార్లు తిరిగారో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు.

రెండో స్క్రూ బిగిస్తూ అతను అడిగాడు. గొంతులో కోపం లేదు, అదే నాకు భయం వేసింది.

"వదినా, ఒక మాట అడుగుతాను. ఆ రోజు మీకు నిజంగా అనుమానం వచ్చిందా?"

అవునంటే సరిపోయేది. పొరపాటు పడ్డాను, క్షమించు అంటే అతను అంతటితో వదిలేసేవాడు. అక్కడ పడుకుని పైకి చూస్తున్న ఆ మొహానికి ఇంకో అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదు" అన్నాను. "నువ్వు మార్చావని గానీ, మారిందని గానీ నేను ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మా ఆయన పరువు పోకూడదని ఏదో ఒకటి అనేశాను."

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"అనుమానం వచ్చే అన్నారనుకున్నాను" అన్నాడు. "అదే అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు."

తర్వాత చెయ్యి చాచాడు. మిగిలిన స్క్రూ ఇచ్చాను. బిగించాడు, తీగలు కలిపాడు, స్విచ్చి నొక్కాడు. ఇంజన్ చల్లారిపోవడంతో చన్నీటిలాంటి గాలి వచ్చి నా మొహానికి కొట్టింది. బాగానే ఉందని అతను స్విచ్చి ఆపి, చేతులు తుడుచుకుంటూ దిగి లోపలికి వెళ్లిపోయాడు.

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు, అంతా విన్నట్టే ఉంది. బయట మా జీపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మా ఆయనని చూసి, లోపలికి రండి బావా, టీ చల్లారిపోతోంది అని పిలిచింది. ఆయన వెళ్లాడు. ఆమె ఆయన వెనకే వెళ్లిపోయింది. నేను లైటు ఆర్పి అక్కడే కూర్చున్నాను.